దైవశాస్త్ర పట్టమును, దాని వెలయు

గడచిన మాసమున ఒకనాటి సాయంకాలము ఒక తండ్రియు కుమారుడును మా వకీలు గదికి వచ్చిరి. తండ్రి ముప్పది యేండ్లు మన ఉక్కు కర్మాగారమున కొలిమి యెదుట నిలిచి పనిచేసి విశ్రాంతి పొందినవాడు. కుమారుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చరిత్రలో ఎం.ఏ. పట్టము పుచ్చుకొన్నవాడు. తండ్రి చేత ఒక కాగితము, కుమారుని చేత ఒక కాగితము. మొదటిది మండల తాసిల్దారు ఇచ్చిన కులధ్రువీకరణ పత్రము. రెండవది హైదరాబాదులోని క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలలో బి.డి. తరగతికి చేరుటకై నింపవలసిన దరఖాస్తు. మొదటి కాగితమున మతము హిందూ అని వ్రాసియున్నది. రెండవ దానిలో బాప్తిస్మము పొందిన తేదియు, సంఘకాపరి సంతకమును అడుగబడియున్నవి. ఈ రెండు కాగితములును ఒకే యింటి పెట్టెలో ఉండవచ్చునా యన్నది తండ్రి ప్రశ్న. మీరు హిందువులా, క్రైస్తవులా యని మేమడుగగా ఆయన తల వంచుకొనెను. కుమారుడు మాత్రము తడుముకొనక, మా తాతగారినాటినుండి ప్రతి ఆదివారమును దేవాలయమునకు పోవుచున్నామండి, అనెను. ఆ యింట ఇంకొక ఆడుబిడ్డ కలదు. ఆమె తండ్రి చేతి కాగితము బలముననే ఇంజనీరింగు చదువుచున్నది.

ధర్మశాస్త్రము ఈ ప్రశ్నకు చెప్పు సమాధానమును తరువాత వ్రాయుదుము. అంతకు ముందు ఆ యువకుడు కోరిన చదువెట్టిదో మన పఠనాలయములలో కూర్చుండి పత్రికలు చదువు పెద్దలు తెలిసికొనుట మంచిది. ఏలయన, పేరు చెప్పక ఆ సంగతిని మేము కొందరు మిత్రులతో ముచ్చటింపగా వచ్చిన మాటలు మాకు సంతోషము కలిగింపలేదు. ఏ ఉద్యోగమును దొరకనివాడు పాదిరి యగునని ఒకరనిరి. వేరొకరు, అందును దేశభక్తులుగా పేరొందినవారే, అది దొరల చదువనియు, ఆ బడి గడప త్రొక్కినవాడు మనకు దక్కడనియు తీర్పు చెప్పిరి. మొదటి మాటను తేలికగా విడిచిపెట్టవచ్చును. రెండవది జాతీయత పేరిట పలుకబడినది గనుక జాతీయ పత్రిక దానికి బదులు చెప్పక తప్పదు.

దొరల చదువే, దాని పుట్టుకను కాదనుట మా వశము కాదు. 1805లో లండన్ మిషనరీ సంఘమువారు పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అను ఇరువురు విశాఖపట్టణమున అడుగిడిరి. 1933లో తెరువబడిన రేవు అప్పటికి ఎవరి కలలోను లేదు. కుంఫిణీ కొలువును, కొన్ని బంగళాలును, బెస్తవాడలును, ఇసుక తిన్నెలును ఉండెను. వారిరువురును తెలుగు నేర్చిరి, బడి పెట్టిరి, సువార్తలను తెనిగింప మొదలిడిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ పండితుడు, క్రైస్తవమతము పుచ్చుకొన్నవాడు, ఆ పనిలో వారికి చేదోడైనాడు. 1809లో క్రాన్, 1810లో డిగ్రాంజెస్ ఇచటనే మరణించిరి. వచ్చి అయిదేండ్లయినదో లేదో ఇద్దరును మన మట్టిలో కలిసిరి. అయినను డిగ్రాంజెస్ ముగించిన మూడు సువార్తలు 1812లో వంగదేశమున శ్రీరామపురపు ముద్రాక్షరశాలలో అచ్చుపడినవి. అంతకు పూర్వమే బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరి బైబిలును తెనిగించియుండెను గాని ఆ వ్రాతప్రతికి అచ్చుభాగ్యము పట్టలేదు. తరువాత ఇదే పట్టణమున జాన్ హే, వార్డ్‌లా అనువారలు సంవత్సరముల తరబడి పాటుపడగా 1854 నాటికి తెలుగు బైబిలు సంపూర్ణముగా వెలువడినది. మన పాతపట్టణపు వీధులలో ఏ పంతులుగారి యరుగుమీద, ఏ పండితుని ప్రక్కన కూర్చుండి ఆ దొరలు దేవునికి ఏ మాట, పాపమునకు ఏ మాట, రక్షణకు ఏ మాట యని వెదకికొనిరో! వారు వెదకి తెచ్చిన మాటలు మనవే. బైబిలును మన పల్లెల క్రైస్తవులు నేటికిని సత్యవేదమందురు. వేదమన్న మాటను వారి నోటినుండి లాగికొనుట ఏ జాతీయవాదికిని సాధ్యము కాదు.

శ్రీరామపురపు పేరును చదువరులు గుర్తుంచుకొందురుగాక, మన యువకుడు కోరిన పట్టమునకు మూలము అదియే. కలకత్తాకు చేరువను హుగ్లీ యొడ్డున నున్న ఆ యూరు అప్పుడు డెన్మార్కువారి యేలుబడిలో నుండెను. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అను ముగ్గురు అచట కళాశాల నెలకొల్పిరి. క్రైస్తవేతరులగు విద్యార్థులకును అందు చోటిచ్చిరి. సంస్కృతమును, ప్రాచ్య వాఙ్మయమును, పాశ్చాత్య శాస్త్రములతో జతగూర్చి నేర్పిరి. 1827 ఫిబ్రవరి 23వ తేదీన డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఆ కళాశాలకు పట్టములిచ్చు అధికారమును దయచేయుచు శాసనమిచ్చెను. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు పుట్టినది 1857లో. అంతకు ముప్పదియేండ్లు ముందే ఈ దేశమున ఒక విద్యాలయము పట్టమిచ్చు హక్కు పొందినదన్నమాట! ఆ హక్కు మాత్రము చిరకాలము పెట్టెలోనే యుండెను. 1845లో డెన్మార్కువారు ఆ యూరిని ఇంగ్లీషువారికి అమ్మివేసినను కళాశాల హక్కులు నిలిచినవి. తుదకు 1915లో మొదటి బి.డి. పట్టములు ఈయబడినవి. 1918లో వంగరాష్ట్ర శాసనసభ చేసిన చట్టముతో ఆ వ్యవస్థ మరింత గట్టిపడినది. నేడు దేశమున అనేక దైవశాస్త్ర కళాశాలలు శ్రీరామపురపు సెనేటుతో అనుబంధము కలిగియున్నవి. మన తెలుగువారిలో లూథరనులు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు మొదలగువారు వేర్వేరుగా నడుపుకొనిన పాఠశాలలను ఒక్కటి చేసి 1964లో రాజమహేంద్రవరమున ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కళాశాలను స్థాపించిరి. అది 1973లో హైదరాబాదునకు తరలినది. ఒకరి పాత్రలో ఒకరు నీళ్లు త్రాగని శాఖలవారు ఒక చూరు క్రింద చదువుకొనుటయే మన దేశమున చిన్న సంగతి కాదు.

ఇక చదువు సంగతి. పాదిరి చదువనగా నాలుగు ప్రార్థనలు కంఠస్థము చేయుట యనుకొనువారు పొరబడుచున్నారు. బి.డి. విద్యార్థి పాతనిబంధనను తెలిసికొనుటకు హీబ్రూ అక్షరములు దిద్దవలెను. క్రొత్తనిబంధనకు గ్రీకు వ్యాకరణము నేర్వవలెను. రెండువేల యేండ్ల సంఘచరిత్ర, సిద్ధాంత వివాదములు, నీతిశాస్త్రము, అన్యమతముల పరిచయము, సెలవులలో ఏదో యొక పల్లెసంఘమున సేవ—ఇదంతయు కలిసి సుమారు నాలుగేండ్ల పని. ఆపైన ఎం.టి.హెచ్. అను రెండేండ్ల ఉన్నత పట్టము. అందు విద్యార్థి ఒక శాఖను ఎన్నుకొనును. ఆ శాఖలలో మతముల అధ్యయనమొకటి. మన యువకుని గురి దానిమీదనే యున్నది. ఏమి పరిశోధింతువని మేమడిగితిమి. వాని తాత కండ్లు కనపడని దినములలోగూడ పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను కంజిర వాయించుచు పాడెడివాడట. 1803లో పుట్టి 1890లో పోయిన ఆ కవి కీర్తనలు రాగతాళములతో ఆంధ్ర క్రైస్తవులు పాడుకొనుచునే యున్నారు. ఆ తాతయే జాతరనాడు వీధిలో అమ్మవారి ఘటము వచ్చినపుడు పాట ఆపి, ఘటము దాటిపోవువరకు లేచి నిలుచుండెడివాడట. ఎందుకు నిలుచుండెను? భయముననా, మర్యాదచేతనా, పాత భక్తి మిగిలియుండుటచేతనా? ఇది వాని ప్రశ్న. ఉత్తరాంధ్ర పల్లెలలో మతము మారినవారి గుండెలలో ఏది మారినది, ఏది మారలేదని వాడు తెలిసికొనగోరుచున్నాడు. ఇంతకంటె జాతీయమైన పరిశోధనాంశమును మేము ఎరుగము.

దీనిని మన విశ్వవిద్యాలయముననే చదువరాదా యని చదువరులడుగుట న్యాయమే. తెలుగునాట మతాధ్యయనమునకు తావు బొత్తిగా లేదనుటకు వీలులేదు. 1918లో నిజాము ఫర్మానాతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాష యగు ఉర్దూలో బోధన సాగించి, ఇస్లాము దైవశాస్త్రమునకు ప్రత్యేక శాఖను మొదటినుండియు కలిగియుండెను. నాగార్జున విశ్వవిద్యాలయమున మహాయాన బౌద్ధమునకొక కేంద్రమున్నది. తిరుపతిలో 2006లో వేద విశ్వవిద్యాలయమే వెలసినది. ఎవరి శాస్త్రమునకు వారి చోటున్నది, ఉండవలసినదే. కాని ఒక మతమువాడు తన మతమును, పొరుగువాని మతమును ప్రక్కప్రక్కన పెట్టి పరీక్షించి పట్టము పొందు చోట్లు మనకు మిక్కిలి అరుదు. రాజ్యాంగపు 28వ అధికరణమును చూచి మన విద్యాధికారులు జంకుదురు. ఆ జంకు అనవసరము. ప్రభుత్వధనముతోనే నడచు విద్యాలయమున మతబోధ కూడదని అధికరణము చెప్పునేగాని మతమును గూర్చిన అధ్యయనము కూడదని చెప్పదు. గురునానకు జీవితబోధలను చదివించుట మతబోధ కాదని సుప్రీంకోర్టు 1971లోనే పలికినది. 2002లో సర్వమతముల పరిచయమును గూర్చి అట్టి యభిప్రాయమునే మరల వెల్లడించినది. కోర్టు తలుపు తీసినను మన విశ్వవిద్యాలయములు గడప దాటకున్నవి. ఇక ఆ పిల్లవాడు క్రైస్తవ సెమినరీకి పోక ఎక్కడికి పోవును?

అచట చేరినవాడు మనకు దక్కడన్న మాటను ఇప్పుడు చూతము. మన విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షుడై, వాల్తేరు కొండలమీద దానికి రూపు దిద్దిన సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు ఎక్కడ చదివెను? వెల్లూరు వూర్హీస్ కళాశాల, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల. అవి సెమినరీలు కావు, మిషను కళాశాలలు, భేదమును మేమెరుగుదుము. అయినను హైందవమున నీతికి తావు లేదను మిషనరీ ఉపాధ్యాయుల విమర్శలు చెవినిబడియే ఆయన తన మతమును తాను పరిశీలింప పూనుకొనెను. వేదాంతపు నీతిని సమర్థించుచు వ్యాసము వ్రాసి, దానినే ఆ కళాశాలలో ఎం.ఏ. పట్టమునకు సమర్పించెను. 1908లో అచ్చయిన ఆయన మొదటి గ్రంథమదియే. అట్టి వ్యాసమును త్రోసిపుచ్చక మెచ్చుకొన్న ఉపాధ్యాయుల ఔదార్యమును మనము మరువరాదు. ప్రత్యర్థి యింట కూర్చుండి మన మాట చెప్పుట మన పూర్వులకు క్రొత్త గాదు. వాదమునకు పోవు పండితుడు ప్రతివాది గ్రంథమును వానికంటె బాగుగా చదివి పోయెడివాడు.

క్రైస్తవులలోనే చూడుడు. 1905 డిసెంబరు 25వ తేదీన, వంగవిభజనపై దేశమంతయు మండుచున్న దినములలో, భారతీయ క్రైస్తవులు కొందరు ఆ శ్రీరామపురముననే కూడి, భారతీయుల చేతులతో, భారతీయుల ధనముతో నడచు జాతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. అందు ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళుడయ్యును ఆయన తెలుగునాట పనికి వచ్చి, 1912లో దోర్నకల్లునకు బిషప్పయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయుడాయనయే. అంతకు రెండేండ్లు ముందు 1910లో ఎడింబరో మహాసభలో తెల్లదొరల ముఖముననే, మీరిచ్చిన త్యాగమునకు కృతజ్ఞులమే, మాకు కావలసినది స్నేహమను భావము వచ్చునట్లు ఆయన మాటలాడెను. సభ నిశ్చేష్టమైనదట. కాంగ్రెసు వేదికలమీద పెద్దలు గంటలు గంటలు చెప్పిన మాటను ఆయన ఒక్క వాక్యములో చెప్పెను. ఆయన పూనికతో దోర్నకల్లున లేచిన దేవాలయమును చూచినవారికి అది గుడియో, మసీదో, చర్చియో యని క్షణకాలము తోపకపోవుట మేమెరుగుదుము. స్వరాజ్యము వచ్చిన ఆరు వారములకే, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను మొదలగు శాఖలు తమ తమ దేశములలో కలియలేక యుండగా మన దేశమున కలిసినవి. 2013లో ఆ సంఘమునకు మొట్టమొదటి మహిళా బిషప్పుగా నంద్యాలలో నియుక్తురాలైన ఎగ్గోని పుష్పలలితగారు తెలుగు ఆడుబిడ్డ. మన దేవస్థానముల పీఠములమీద స్త్రీని ఎప్పుడు కూర్చుండబెట్టుదుమో పెద్దలే చెప్పవలెను.

ఇంతమాత్రముచేత సెమినరీలకు మేము హారతి పట్టుచున్నామని యెవ్వరును తలపవలదు. మాకు వారితో రెండు తగవులున్నవి. మొదటిది భాష. విశాఖలో తెలుగు నేర్చి ప్రాణములు విడిచిన దొరల వారసత్వము తమదని చెప్పుకొనువారు ఉన్నత పట్టముల బోధనను ప్రధానముగా ఇంగ్లీషుననే సాగించుటేమి? నాలుగేండ్లు జర్మను పండితుల సిద్ధాంతములను ఇంగ్లీషున వల్లించిన యువకుడు ఆదివారమునాడు గాజువాకలో, అనకాపల్లిలో, మత్స్యకారుల పేటలో నిలుచుండి తెలుగున మాటలాడవలెను గదా. చదివినది ఒక భాష, చెప్పునది వేరొక భాష. నడుమ వాని బుద్ధి ఎవరి సొమ్ము? 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమునందిన గుఱ్ఱం జాషువా కవి క్రీస్తు చరిత్రను చక్కని తెలుగు పద్యములలో వ్రాసి చూపినాడు. పద్యమునకు లొంగిన కథ శాస్త్రమునకు లొంగదా? హీబ్రూ మూలమునకు సరాసరి తెలుగున వ్యాఖ్య వ్రాయగల పండితులు పదిమంది లేచిన దినమున ఆ కళాశాలలకు విదేశపు నిధులు రాకపోయినను అవి నిలుచును. అంతవరకు పరుల చదువన్న నింద పూర్తిగా తొలగదు.

రెండవ తగవు మరింత నీచమైన సంగతిని గూర్చినది, కావున క్లుప్తముగా చెప్పి విడిచెదము. ఏ చట్టపు ఆధారమును లేని చిన్న చిన్న బైబిలు పాఠశాలలు కోస్తాజిల్లాలలో వీధికొకటి చొప్పున లేచి, పుచ్చుకొన్న రొక్కమును బట్టి డాక్టరు బిరుదములను పంచుచున్నవి. గోడలమీద, ఫ్లెక్సీలమీద పేరునకు ముందు డాక్టరని వ్రాసికొన్న ప్రతివాడును హీబ్రూ చదివినవాడు కాడు. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము 22వ సెక్షను ప్రకారము చట్టముచేత ఏర్పడిన విశ్వవిద్యాలయము గాని, అట్టి యధికారము పొందిన సంస్థ గాని తప్ప ఇతరులు పట్టములీయరాదు. కావున రుసుము చెల్లించుటకు ముందు, మీ పట్టమునకు ఆధారమేది, మీరు ఏ సెనేటునకు అనుబంధులు, పై చదువునకు ఏ విశ్వవిద్యాలయము దీనినంగీకరించును అని వ్రాతమూలకముగా అడుగుడు. వ్రాతలో బదులీయనివాని గడప దిగి రండు. అప్పుచేసి తెచ్చిన తల్లిదండ్రుల సొమ్ము పోవుటయేగాక, నిజముగా చదివినవాని పట్టమునకు గూడ వీరివలన మచ్చ తగులుచున్నది.

మన రేవు ముఖద్వారమున మూడు కొండలున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై కన్యమరియమ్మ దేవాలయము. చుట్టములెవరు వచ్చినను మనము వారికి ఆ కొండలను చూపి మురిసిపోవుదుము. చూపవలసినదే. కాని ఆ కొండల క్రింద కాపురముండు ఒక తండ్రి తన మతమేదో చెప్పుటకు తల వంచుకొనవలసిరావడమును మాత్రము చుట్టములకు చూపము. ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వత్తుము.

1950 ఆగస్టులో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు మూడవ పేరా ప్రకారము హిందూమతము గాక అన్యమతమును అవలంబించువాడు షెడ్యూల్డు కులమువాడు కాడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ తలుపు తెరువబడినది. క్రైస్తవునకును, ముసల్మానునకును మూసియే యున్నది. దాని ఫలమేమి? మాలపల్లెలోనో, మాదిగపల్లెలోనో పుట్టినవాడు బాప్తిస్మము పొందినంతనే మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో సి వర్గమునకు మారును. ఆ వర్గపు వాటా నూటికి ఒక్కటి. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టపు రక్షణయు వానిని విడిచిపోవును. 1977లో రాష్ట్రప్రభుత్వము వేతనములవంటి కొన్ని రాయితీలను అట్టివారికి నిలిపినమాట నిజమే. సీటునకు గాని, ఉద్యోగమునకు గాని అది ఆదుకొనదు. రెంటికి చెడిన రేవడన్న సామెత వీరికొరకే పుట్టినదా యనిపించును. ఊరు వానిని మాలయనియే పిలుచును, కచేరి మాత్రము వానిని మాల కాడనును.

మతము మారినంతమాత్రమున అంటరానితనము మారునా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినవారు, ఎవడు సంఘమునకు పోవును, ఎవడు గుడికి పోవునని విచారించి చంపలేదు. అచటి మాదిగలలో క్రైస్తవులు లేకపోలేదు. ఆ యేడే సెప్టెంబరు నెలాఖరున సుప్రీంకోర్టు, మద్రాసు చర్మకారుడొకడు తెచ్చిన వ్యాజ్యములో, మతము మారిన పిమ్మటగూడ ఆ బాధ అంతే తీవ్రముగా నిలిచియున్నదనుటకు తగిన ఆధారములు చూపబడలేదని చెప్పి దానిని కొట్టివేసినది. న్యాయస్థానములయెడ వకీలునకుండవలసిన గౌరవము మాకున్నది. అయినను కారంచేడు చితులు ఆరిన రెండున్నర నెలలకే ఆధారములు లేవన్న మాట విన్నపుడు తెలుగువాని మనస్సు చివుక్కుమనకుండునా? 2022లో కేంద్రప్రభుత్వము ఈ విషయమును విచారించుటకు మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన సంఘమును నియమించినది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులములలో చేర్పుడని తీర్మానించినది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవమతమును ఆచరించుచు ఉద్యోగముకొరకు హిందువునని చెప్పికొనుట రాజ్యాంగమును వంచించుటయే యని పుదుచ్చేరి స్త్రీ విషయమున తీర్పు చెప్పినది. శాసనము మారువరకు కోర్టు మాట ఇదియే.

మన జిల్లాకు ఎగువనున్న కొండలలో మరియొక వింత కలదు. షెడ్యూల్డు తెగల ఉత్తరువులో మతము మాటయే లేదు. పాడేరునుండియో, అరకునుండియో వచ్చు గిరిజన క్రైస్తవ యువకుడు ఇదే దరఖాస్తును ఏ వెరపును లేక నింపి, తన ధ్రువీకరణ పత్రమును మడిచి జేబులో పెట్టుకొని బండి యెక్కును. అదే బండిలో, అదే తరగతికి పోవు మైదానపు దళితుడు ఆ పని చేయలేడు. ఇద్దరును ఒకే దేవుని గూర్చి చదువబోవుచున్నారు. ఒకని చదువుకు వెల లేదు. వేరొకడు తన చెల్లెలి చదువును పణము పెట్టవలెను. ఈ భేదమునకు కారణమేమని ఆ పిల్లవాడు మమ్మడిగెను. ఇరువది యేండ్లుగా కోర్టులో నిలుచుచున్న మాకు బదులు తోచలేదు.

ఇతర చదువులు చదువువాడు తన విశ్వాసమును ఇంటిలో ఉంచుకొని పోవచ్చును. ఇంజనీరును, వైద్యుని, గుమాస్తాను నీ దేవుడెవరని ఎవరును అడుగరు. దైవశాస్త్ర విద్యార్థికి ఆ మరుగు లేదు. వాని పట్టమే వాని వాఙ్మూలము. చెప్పక దాచుకొన్నవాడు నెట్టుకొని వచ్చుచుండగా, నేను ఫలానా యని కాగితముమీద వ్రాసి సంతకము చేయగోరినవానినే మన చట్టము పట్టుకొనును. సత్యము చెప్పినవానికి జరిమానా విధించు శాసనము స్వరాజ్యపు శాసనమా? సత్యాగ్రహమన్న మాటను ప్రపంచమునకు నేర్పిన దేశము ఈ ప్రశ్నకు ఏమి చెప్పును? మూడవ పేరాను తీసివేయుటకు రాజ్యాంగమును సవరింపనక్కరలేదు. 1956లోను 1990లోను చేసినట్లు పార్లమెంటు ఒక చిన్న చట్టము చేసిన చాలును. మన లోకసభ సభ్యులు రేవులను గూర్చియు, రైల్వే జోనును గూర్చియు మాటలాడుచున్నారు, సంతోషము. దీనిని గూర్చియు ఒకమారు లేచి మాటలాడుదురుగాక.

ఆ తండ్రికి మేము చెప్పినది ఇంతియే. దరఖాస్తులో అబద్ధము వ్రాయరాదు, పత్రమునందును నిలుపరాదు. కుమారుడు తాను క్రైస్తవుడనని వ్రాసినచో తన పేరిటి ధ్రువీకరణ పత్రమును తానే తాసిల్దారునకు తిరిగి యిచ్చి, సి వర్గపు పత్రమును పొందుట మేలు. 1993 నాటి రాష్ట్రచట్టము ప్రకారము కలెక్టరు దానిని రద్దుచేయుదాక వేచియుండుట మర్యాద కాదు. ఎవరి మతము వారిదే గనుక కుమారుని సంతకము చెల్లెలిని స్వయముగా కట్టివేయదు. కాని విచారణ యన్నది వచ్చినచో అది ఒక గదిని మాత్రము చూచి పోదు, ఇల్లంతయు చూచును. ఆ మాట చెప్పుటకు మాకు నోరు రాలేదు గాని చెప్పితిమి.

తండ్రి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట తన కాగితమును నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో ఉంచుకొనెను. కుమారుడు తన దరఖాస్తును మా బల్లమీదనే విడిచి, చెల్లెలితో ఒకమారు మాటలాడి సోమవారము వత్తునండి, అనెను. దరఖాస్తులో అన్ని గడులును నిండియున్నవి. బాప్తిస్మము తేది యన్న చోటు మాత్రము ఖాళీగా నున్నది.